మొహం దాకా రాని కబురు

చెప్పుల దుకాణంలో పనిచేసేవాడు రోజంతా నేలచూపులు చూస్తాడని మీరనుకుంటే అది మీ పొరపాటు. ఈయన మాత్రం బతుకంతా పైకే చూశాడు. చిన్న స్టూలు మీద కూర్చుని, ఎదుటి మనిషి పాదాన్ని తన మోకాలి మీద పెట్టుకుని, బూటు తొడిగి, టక్కున తలెత్తి మొహంలోకి చూసేవాడు. అంతే, సంగతి తెలిసిపోయేది. "బాగుందండీ, సరిపోయింది" అని నోటితో అంటారు జనం. ఆ మాట అనేలోపే కనుబొమ్మల మధ్య సన్నటి ముడి ఒకటి పడి మాయమైపోతుంది. పడిందని వాళ్ళకే తెలియదు. "కరుస్తోంది కదండీ? ఒక్క నిమిషం, కాస్త పెద్దది తెస్తాను" అని ఈయన లేచేవాడు. ఆ మనిషి నోరు వెళ్ళబెట్టేవాడు.

ఇక ఈయన నవ్వు గురించి చెప్పాలి. పెద్ద అందగాడేం కాదు. ముందు పళ్ళ మధ్య సందు, బుగ్గ మీద ఏనాటిదో పుట్టుమచ్చ. కానీ నవ్వాడంటే కళ్ళు రెండు గీతలైపోయి, మొహమంతా విచ్చుకునేది. బూట్లు వద్దని కాళ్ళు తన్నుకుంటూ ఏడ్చే పిల్లలు కూడా ఆ మొహం చూసి ఏడుపు మరిచిపోయేవాళ్ళు. వాళ్ళే పెట్టారు పేరు, నవ్వుల మామయ్య అని. తర్వాత వాళ్ళ అమ్మానాన్నలూ అదే పిలుపు పట్టుకున్నారు. దుకాణం ఓనరు గారి అబ్బాయికి మొట్టమొదటి బూటు తొడిగింది కూడా ఈయనే. ఆ అబ్బాయి పెరిగి, తండ్రి కుర్చీలో కూర్చుని, ఈయన్ని బాబాయ్ అని పిలుస్తున్నాడు.

ఇంట్లోనూ అదే సరుకు. భార్య బడి ఆఫీసులో గుమస్తా. పొద్దుటి నుంచీ తల్లిదండ్రులతో, మాస్టార్లతో మాట్లాడి మాట్లాడి ఇంటికొచ్చినా ఆవిడ దగ్గర ఇంకా మాటలు మిగిలే ఉండేవి. అన్నీ ఈయనకి చెప్పేది. ఈయన నవ్వేవాడు. కూర ఎలా ఉందంటే నవ్వు. అలిగితే నవ్వు. జ్వరమొస్తే పక్కన కూర్చుని, బెంగగా చూసి, ఆఖర్న ఒక నవ్వు. నువ్వంటే నాకిష్టమనో, నువ్వు లేకపోతే ఎట్లాగనో ఒక్క ముక్క ఆ నోట్లోంచి వచ్చిన పాపాన పోలేదు. రావలసిన అవసరమూ పడలేదు. "మా ఆయన నోరు తాళం వేసిన బీరువా. మొహం మాత్రం తలుపుల్లేని ఇల్లు" అని ఆవిడ అందరి దగ్గరా మురిసిపోయేది.

ఆ నవ్వు ఒక్కరోజులో పోలేదు. ఒక్కరోజులో పోతే లబలబలాడి డాక్టరు దగ్గరికి పరిగెత్తేవాళ్ళు. కొంచెం కొంచెంగా, సబ్బు అరిగినట్టు అరిగిపోయింది. ముందు కళ్ళు గీతలవడం మానేశాయి. తర్వాత బుగ్గలు పైకి లేవడం మానేశాయి. లోపల ఆయనకి నవ్వుతున్నట్టే ఉండేది, అదీ అసలు చిక్కు. తను నవ్వాననే అనుకునేవాడు. ఎదుటివాళ్ళకి మాత్రం బిర్రబిగుసుకున్న మొహం, రెప్ప వాల్చని చూపు కనపడేవి.

"ఏం చేశానని మొహం అలా పెట్టారు?" అని భార్య అడిగేది.

"ఏం పెట్టానే? బాగానే ఉన్నానుగా."

"బాగానే ఉంటే ఆ చూపేంటి? నేనేదో నేరం చేసినట్టు!"

ఆయన నవ్వి ఊరుకునేవాడు. అంటే, నవ్వాననుకుని ఊరుకునేవాడు. ఆవిడ ఇంకా మండిపడేది.

ఈ పరిస్థితిలోనే అత్తగారు పోయింది. ఆవిడ చివరి ఏళ్ళన్నీ కూతురి దగ్గరే, వెనక గదిలో గడిపింది. అల్లుడికీ అత్తకీ భలే కుదిరింది. బొటనవేలి పక్కన ఎముక పొడుచుకొచ్చి ఆవిడకి ఏ చెప్పూ పట్టేది కాదు. ఈయన దుకాణం నుంచి జత తెచ్చి, తోలు తడిపి, ఆ ఎముక తగిలేచోట సాగదీసి, ఆరబెట్టి, మళ్ళీ తొడిగి చూసేవాడు. "నీ మొగుడు బంగారమే, నీ నోరే కాస్త పెద్దది" అని ఆవిడ కూతుర్ని ఆటపట్టించేది. అత్తా అల్లుడూ ఒక జట్టు, కూతురు ఒంటరి.

అలాంటి మనిషి పోయిన రోజు ఈయన ఎంత తిరిగాడో! కుర్చీలు వేయించాడు, వచ్చినవాళ్ళకి టీలు ఇచ్చాడు, బండి మాట్లాడాడు, తెలియాల్సినవాళ్ళందరికీ ఫోన్లు చేశాడు. కానీ మొహం? బస్సు కోసం ఎదురుచూస్తున్నవాడి మొహం. భార్య తల్లి మీద పడి ఏడుస్తూ ఒక్కసారి తలెత్తి ఈయన కేసి చూసింది. తనని పట్టుకునే మనిషి కోసం చూసింది పాపం. ఆ మొహంలో ఏమీ లేదు. పక్కనున్న వదినగారు ఆ చూపు పసిగట్టి చెవిలో అననే అంది: "మీ ఆయనకి చీమ కుట్టినట్టయినా లేదే!"

మనిషి మనసులో కొన్ని మాటలు ముల్లులా దిగబడతాయి. ఇది అలా దిగబడింది. భార్య ఆయన్ని అడగలేదు. ఆయనంతట ఆయన చెప్పలేదు. వాగుడుకాయ అని పేరు పడ్డ ఆ మనిషి ఈ ఒక్క విషయంలో నోరు మూసుకుంది చూడండి, అక్కడే వచ్చింది తంటా. అమ్మ పోతే ఈ మనిషికి నిజంగానే ఏమీ అనిపించలేదేమో, ఇన్నేళ్ళూ నేను చూసిన నవ్వంతా దుకాణం నవ్వేనేమో అన్న అనుమానం ఆవిడకి అన్నం దగ్గరా పక్క దగ్గరా తోడొచ్చింది.

దుకాణంలోనూ ఫిర్యాదులు మొదలయ్యాయి. ఒక పసిపిల్ల ఈయన్ని చూసి జడుసుకుని తల్లిని కరుచుకుంది. కాలేజీ పిల్లలు కొందరు ఈయన తమని లెక్కలేనట్టు చూస్తున్నాడని అలిగి వెళ్ళిపోయారు. ఆఖరికి చిన్న ఓనరు పక్కకి పిలిచాడు.

"ఏమనుకోకు బాబాయ్. కొన్నాళ్ళు మేడ మీద కూర్చో. ఫోన్లో వచ్చే ఆర్డర్లు నువ్వు చూసుకో. పెట్టెల కోసం మాటిమాటికీ మెట్లెక్కి దిగే పని కూడా తగ్గుతుంది."

"అలాగే బాబూ" అన్నాడు. గుండె కలుక్కుమంది. ఓనరుకి అది కూడా కనపడలేదు, బాబాయ్ ఏమీ అనుకోలేదని నిమ్మళంగా వెళ్ళిపోయాడు.

మేడ మీద గదిలో కప్పు దాకా అట్టపెట్టెలు, ఒక కిటికీ, ఒక బల్ల, ఒక ఫోను. జనం కాగితం మీద పాదం ఉంచి చుట్టూ గీత గీసి దాని ఫొటో పంపేవాళ్ళు. ఈయన సైజు చెప్పేవాడు. అక్షరాలు వెతుక్కుని టైపు చేయడం ఆయనకి తలకు మించిన పని. అలా తడుముకుంటున్నప్పుడే ఒకనాడు వేలు తగిలి, ఎమోజీల గుంపు తెరుచుకుంది. వరసగా పచ్చటి గుండ్రటి మొహాలు. వాటి మధ్యలో ఒకటి, కళ్ళు రెండు గీతలై, బుగ్గలు ఎర్రబారి నవ్వుతోంది. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. పోగొట్టుకున్న వస్తువు ఎవరింట్లోనో కనిపించినట్టయింది.

పంపాడు. అవతలి నుంచి మూడు నవ్వులు తిరిగొచ్చాయి. ఇంకేం, ఆయన చెలరేగిపోయాడు. సైజు చెప్పి ఒక నవ్వు, ఆలస్యమైతే చేతులు జోడించిన బొమ్మ, పాపకి మొదటి బూట్లంటే ఎర్ర గుండెకాయ. "మీ దుకాణంలో ఫోన్లో ఉండే ఆయన ఎంత సరదా మనిషండీ!" అని కొనేవాళ్ళు చిన్న ఓనరుతో చెప్పి వెళ్ళేవారు. కొందరు చూసిపోదామని వచ్చేవారు. పిలిస్తే ఈయన మెట్లు దిగి వచ్చి వాళ్ళ ముందు నిలబడేవాడు. నవ్వుతూ వచ్చినవాళ్ళ మొహాలు ఈయన మొహం చూడగానే వాడిపోయేవి. ఒకావిడ అయితే "ఈయన కాదండీ, ఫోన్లో ఉండే ఆయన" అంది. తర్వాత ఎవరొచ్చినా తను లేనని చెప్పమన్నాడు.

ఇదేం చోద్యమో చెప్పండి. గుండ్రటి గీత, రెండు చుక్కలు, ఒక వంపు. దాన్ని చూసి మనసు విప్పుతారు. రక్తమాంసాలున్న మనిషి ఎదురుగా నిలబడితే అనుమానిస్తారు. నాకు ఒళ్ళు మండుతుంది గానీ, జనాన్ని తిట్టి ఏం లాభం? ఆయన మాత్రం వాళ్ళని ఏమీ అనలేదు.

ఆ బొమ్మల సంగతి ఆయనకి వేరే దారిలో తెలిసొచ్చింది. పోస్టాఫీసులో పనిచేసే ఒకావిడకి బూట్లు పంపాడు. ఎలా ఉన్నాయని అడిగితే ఆవిడ వరసపెట్టి నవ్వు మొహాలు పంపింది. ఈయన పొంగిపోయాడు. కొన్నాళ్ళకి ఆవిడే మడమకి కట్టు కట్టుకుని, కుంటుకుంటూ దుకాణానికి వచ్చింది. కాలికి దెబ్బ అని తెలిసి ఈయన ఆగలేక కిందికి దిగాడు.

"అదేంటమ్మా, బాగున్నాయని నవ్వులు పెట్టారుగా!"

"ఏదో మొహమాటానికి పెట్టానండీ. మీరు అంత ఆప్యాయంగా అడుగుతుంటే కరుస్తున్నాయని ఎలా చెప్పను?"

ఎదురుగా కూర్చోబెట్టి ఉంటే ఒక్క క్షణంలో తెలిసిపోయేది. మెడ మీద ఉండే మొహం మనం దాచమన్నా దాచదు. ఫోన్లో మొహం మనం పెట్టమన్నదే పెడుతుంది. ఆయన ఆ రోజు పైకెళ్ళి అట్టపెట్టెల మధ్య కూర్చుని ఈ రెండు మాటలూ ఎంతోసేపు ఆలోచించాడు.

అలాంటి రోజుల్లోనే ఇంట్లో అసలు గొడవ బయటపడింది. ఇంటికి కూడా తెచ్చుకునే ఆ దుకాణం ఫోను బల్ల మీద పెట్టి ఆయన స్నానానికి వెళ్ళాడు. అది మోగింది. దుకాణం అర్జెంటు పనేమోనని భార్య తీసి చూసింది. ఎవరో అమ్మాయి రాసింది: అమ్మ కోసం బుక్ చేసిన మెత్తటి చెప్పులు ఇక వద్దండీ, అమ్మ పోయింది. దాని కింద ఈయన నిన్ననే పంపిన జవాబు: బొటబొటా కన్నీళ్ళు కారుస్తున్న పచ్చ మొహం, పక్కన జోడించిన చేతులు. ఆ అమ్మాయి ఇప్పుడు థాంక్స్ అని పంపింది.

ఆయన తల తుడుచుకుంటూ వచ్చేసరికి ఆవిడ ఫోను పట్టుకుని నిలబడి ఉంది.

"ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి తల్లి పోతే ఏడ్చారు" అంది. "మా అమ్మ పోతే గుంజలా నిలబడ్డారు. ఊరందరికీ నవ్వులూ ఏడుపులూ పంచిపెట్టి, నాకు ఈ రాయి మిగిల్చారా?"

ఆయనలో ఏదో విరిగినట్టయింది. అది కూడా మొహం దాకా రాలేదు. ఆవిడ ఆ మొహాన్నే చూసి, ఫోను బల్ల మీద పడేసి, లోపలికెళ్ళి తలుపు వేసుకుంది.

తర్వాత చేతులు కూడా మొండికేశాయి. బూటు లేసు ముడి వేయబోతే వేళ్ళు వణికి జారిపోయేవి. నడక చిన్న చిన్న అడుగులైంది. కోపమున్నా ఆవిడే సెలవు పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరు ఆయన్ని నడిపించి చూసింది, వేళ్ళు ఆడించమంది, నవ్వమంది. ఆయన నవ్వాడు. "నవ్వండి" అని మళ్ళీ అంది. "నవ్వానండీ" అన్నాడు.

డాక్టరు పెన్ను కింద పెట్టి భార్య వైపు తిరిగింది. "ఇది నరాల జబ్బమ్మా. మొహం కండరాలు బిగుసుకుపోయాయి. లోపల సంతోషం, బాధ అన్నీ ఎప్పటిలాగే ఉంటాయి. ఆ కబురు మొహం దాకా అందట్లేదు. మందులతో కొంచెం మెరుగవ్వచ్చు, మళ్ళీ మునుపటిలా అవుతుందని మాత్రం చెప్పలేను. ఆయన మొహం చూసి ఆయన మనసు అంచనా వేయకండి."

ఆవిడ వరండాలో బెంచీ మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. "ఎన్నెన్ని మాటలన్నానండీ మిమ్మల్ని!" అని ఆయన చెయ్యి పట్టుకుంది. గండం గడిచిందనుకున్నాడాయన.

ఆ సాయంత్రమే భోజనాల దగ్గర ఆయనకి ఒక ఆలోచన వచ్చింది. ఫోను తీసి, ఎదురుగా కూర్చున్న భార్యకి ఆ గీతల కళ్ళ నవ్వు పంపాడు. ఆవిడ ఫోను టింగుమంది. చూసి, ఫక్కున నవ్వింది. ఇక కొన్నాళ్ళు కొత్తగా పెళ్ళైనవాళ్ళ సరదా సాగింది. కూర బాగుంటే ఒకటి, ఆవిడ బడి కబుర్లకి ఒకటి, నిద్రపోయే ముందు ఎర్ర గుండెకాయ ఒకటి.

కానీ తల ఒప్పుకున్నంత తేలిగ్గా కళ్ళు ఒప్పుకోవు కదా. ఆవిడ బొమ్మ చూసేది, నవ్వేది, తలెత్తేది. ఎదురుగా ఆ మొహం. ఆవిడ నవ్వు సగంలో ఆగిపోయేది. అది జబ్బని తెలుసు. తెలిసినా, ఇన్నేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? కళ్ళు ఆ మొహాన్నే నమ్మేవి. చివరికి ఒకరోజు అననే అంది.

"ఇంక ఇవి పంపొద్దండీ. మీరు అందరికీ పంపేవే ఇవి. మీరు పంపాలనుకుంటే వస్తాయి, లేకపోతే లేదు. మీకు తెలియకుండా వచ్చేది ఏదైనా ఉంటే నాకు కావాలి."

పోస్టాఫీసావిడ కట్టు కట్టిన మడమ ఆయనకి గుర్తొచ్చింది. భార్య తప్పేమీ మాట్లాడలేదు. తనకి తెలియకుండా వచ్చేది తన దగ్గర ఇంకేమీ మిగల్లేదు.

ఆ ఆదివారం పొద్దున ఆవిడ వంటింట్లో స్టూలెక్కి అటక మీది గిన్నె తీయబోయింది. స్టూలు పక్కకి ఒరిగింది. దబ్బుమని పడి "అమ్మా!" అని కేక పెట్టింది. ఆయన తన చిన్న అడుగులతో పరిగెత్తుకుంటూ వచ్చాడు. గుమ్మంలో ఆగాడు. ఆవిడ నేల మీద పడి, చీలమండ పట్టుకుని, తలెత్తి ఆయన్నే చూస్తోంది. తన మొహంలో ఏమీ లేదని ఆయనకి తెలుసు. తన భయం ఆవిడకి తెలియాలి, ఇప్పుడే తెలియాలి. అంతే, చెయ్యి దానంతట అది జేబులోకి వెళ్ళింది. వణికే వేలితో ఫోను తెరిచి, కన్నీళ్ళ బొమ్మ వెతికి, నొక్కాడు.

ముందు గదిలో ఆవిడ ఫోను టింగుమంది.

ఇద్దరూ ఆ చప్పుడు విన్నారు. ఆయన చేతిలో ఫోను చూసి ఆవిడకి అర్థమైంది. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందొచ్చిందో ఆవిడకే తెలియదు.

"పడిపోయిన పెళ్ళాన్ని లేవదీయకుండా బొమ్మ పెడతారా? ఎవర్నండీ నేను మీకు? చెప్పులు కొనడానికి వచ్చానా?"

ఆయన చేతిలోంచి ఫోను జారి పడింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. నేల మీద చతికిలబడి, ఆవిడ పాదాన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు. ఎముక బాగానే ఉంది, కాలు బెణికిందంతే. లేచి తడిగుడ్డ తెచ్చి చుట్టాడు. చేతులు వణికాయి, అయినా చుట్టాడు. ఆవిడ ఆయన మొహంలో ఏదో వెతుకుతూనే ఉంది.

"ఒక్కటి అడుగుతాను" అంది. "మీ మొహం చూస్తూ అడిగితే, మీకంటే ముందు అదే జవాబు చెప్పేస్తుంది. అందుకని కళ్ళు మూసుకుంటాను. బొమ్మలొద్దు. నోటితో చెప్పండి. అమ్మ పోయిన రోజు మీకేమైనా అనిపించిందా, లేదా? లేదంటే లేదనే చెప్పండి. తట్టుకుంటాను."

కళ్ళు మూసుకుంది.

ఇలాంటి మాటలు ఎక్కడ మొదలుపెడతారో ఆయనకి తెలియదు, ఎప్పుడూ మొదలుపెట్టలేదు. ఆలస్యమైతే దాన్నే జవాబనుకుంటుందని భయపడ్డాడు.

"ఏడ్చాను" అన్నాడు. గొంతు కూడా ఎత్తూపల్లం లేకుండా వచ్చింది.

"ఎప్పుడు?"

"అందరికీ టీలు ఇచ్చాక. బాత్‌రూములోకెళ్ళి గడియ పెట్టుకున్నాను. లోపల్నుంచి తన్నుకొచ్చింది, ఊపిరి ఆడలేదు. ఎదురుగా అద్దం ఉంది కదా, తలెత్తి చూసుకున్నాను."

"ఊఁ."

"అద్దంలో ఉన్నవాడు ఏడవట్లేదే. ఊరికే నిలబడి నన్ను చూస్తున్నాడు. కళ్ళల్లో నీళ్ళున్నాయి, ఉల్లిపాయలు తరిగినవాడికి ఉన్నట్టు. నాకే అనుమానమొచ్చింది. ఆవిడ పోతే నాకు ఏడుపు రావట్లేదా, నేనింత రాతిగుండె వాడినా అని. ఏడుపు ఆగిపోయింది. మొహం కడుక్కుని వచ్చేశాను. నా మొహం చూసి నన్ను నేనే నమ్మలేదు. నిన్ను నమ్మమని ఏ మొహం పెట్టుకుని అడగను?"

మూసిన రెప్పల కిందినుంచి ఆవిడకి నీళ్ళు కారాయి. చెయ్యి తడుముకుంటూ వచ్చి ఆయన చొక్కా పట్టుకుంది. తర్వాత ఉండబట్టలేక కళ్ళు తెరిచింది. ఎదురుగా ఎప్పటి మొహమే. ఇంత చెప్పిన మనిషి మొహం కాదది. ఆవిడ చూపు తడబడడం ఆయన గమనించాడు. ఇక చెప్పడానికి తన దగ్గర ఏమీ లేదనుకున్నాడు.

ఆవిడ మళ్ళీ కళ్ళు మూసుకుంది. చొక్కా వదల్లేదు.

"ఊఁ, ఇంకా చెప్పండి" అంది. "వింటున్నాను."